మెట్ట నేలలో విత్తనం బతుకు: వెలుతురు, తేమల లెక్క

ఎండాకాలంలో మన పాలమూరు వైపు ఏ చెలకను చూసినా ఎర్రగా, బోడిగా కనిపిస్తుంది. గడ్డిపోచ కూడా ఉండదు. అదే చెలక మీద జూన్‌లో రెండు మంచి వానలు పడితే చాలు, వారం తిరగకముందే పచ్చబడుతుంది. అక్కడ ఎవరూ విత్తలేదు, ఎవరూ నీళ్లు పెట్టలేదు. మరి ఆ మొక్కలన్నీ ఎక్కడి నుంచి వచ్చాయి?

గాలికి కొట్టుకొచ్చాయని కొందరంటారు. కొన్ని అలా వచ్చినవే కావచ్చు. కానీ చాలా భాగం ఆ మట్టిలో ముందు నుంచీ ఉన్నవే. పోయిన ఏడాది రాలినవి, అంతకు ముందు ఏడాది రాలినవి, మనం చిన్నపిల్లలుగా ఉన్నప్పుడు రాలినవి కూడా అందులో ఉంటాయి. నేలను తవ్వితే మట్టే కనిపిస్తుంది గానీ నిజానికి అదొక పెద్ద గాదె. శాస్త్రజ్ఞులు దీన్ని నేలలోని విత్తనాల బ్యాంకు అంటారు. ఈ బ్యాంకులో ఏ విత్తనం ఎన్నాళ్లు బతుకుతుంది, ఏది ఎప్పుడు మొలుస్తుంది, ఏది కుళ్లిపోతుంది అన్నది ముఖ్యంగా రెండింటి మీద ఆధారపడి ఉంటుంది. ఒకటి తేమ, రెండవది వెలుతురు. ఈ రెండింటి గురించి తెలుసుకోవడం పరీక్షల కోసమే కాదు, మన ఇళ్లకూ అవసరం. ఎందుకో చివరికి వచ్చేసరికి మీకే తెలుస్తుంది.

మాది సోమశిల ప్రాంతం. సోమశిల అనగానే చాలామంది నెల్లూరు జిల్లాలో పెన్నా నది మీద ఉన్న ప్రాజెక్టు అనుకుంటారు. నేను చెప్పేది కొల్లాపూర్ మండలంలో, కృష్ణా నది ఒడ్డున ఉన్న సోమశిల. ఇది ఒకప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. 2016 అక్టోబర్‌లో కొత్త జిల్లాలు ఏర్పడ్డాక నాగర్‌కర్నూల్ జిల్లాలోకి వచ్చింది. ఊరి ముందు శ్రీశైలం జలాశయం నీళ్లు సముద్రంలా కనిపిస్తాయి. ఊరి వెనుక చెలకలు మాత్రం వాన కోసం ఆకాశం వైపు చూస్తుంటాయి. నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల ప్రాంతాల్లో ఏడాదికి పడే వాన ఆరు వందల మిల్లీమీటర్లకు కొంచెం అటూ ఇటూ. అది కూడా సరిగ్గా పంచుకుని పడదు. ఒకరోజు కుండపోత, తర్వాత ఇరవై రోజులు ఎండ. ఇలాంటి నేలలో విత్తనం బతకడమంటే మాటలు కాదు.

ఎండిన ప్రాణం

విత్తనం అంటే ఏమిటి? ఒక పిల్ల మొక్క, దానికి కొంత సద్ది, ఆ రెండింటినీ కప్పిన ఒక పొర. ఆ పిల్ల మొక్క చచ్చిపోలేదు, పెరగడమూ లేదు. ఒంట్లో నీళ్లు చాలా తక్కువ కాబట్టి దాని పనులన్నీ దాదాపు ఆగిపోయి ఉంటాయి. పచ్చి ఆకులో నూటికి ఎనభై పాళ్లు నీరే ఉంటుంది. నిల్వ చేసిన జొన్న విత్తనంలో ఉండేది పన్నెండు పాళ్లే. ఇంత ఎండినా ప్రాణం పోకపోవడమే విత్తనం గొప్పతనం.

విత్తనం ఎంత ఎండితే అంత ఎక్కువ కాలం బతుకుతుందని అమెరికా శాస్త్రజ్ఞుడు హారింగ్టన్ ఒక సులువైన లెక్క చెప్పాడు. విత్తనంలో తేమ ఒక్క శాతం తగ్గితే దాని ఆయుష్షు రెట్టింపు అవుతుంది. నిల్వ చేసే చోట వేడి ఐదు డిగ్రీల సెల్సియస్ తగ్గినా ఆయుష్షు రెట్టింపు అవుతుంది. తేమ లెక్క సుమారు 5 నుంచి 14 శాతం మధ్యలోనే వర్తిస్తుంది. ఇది కచ్చితమైన సూత్రం కాదు, పనికొచ్చే అంచనా. విత్తన ధ్రువీకరణ నిబంధనల్లో జొన్నకు 12 శాతం, కందికి, వేరుశనగకు 9 శాతం తేమ మించకూడదని పెట్టడానికి కారణం ఇదే. మన అమ్మమ్మలు విత్తనాన్ని ఎర్రటి ఎండలో ఆరబెట్టి, బూడిద కలిపి, వేపాకు వేసి, కుండ మూతికి పేడ మెత్తి పెట్టేవారు. హారింగ్టన్ పేరు వాళ్లు వినలేదు. చేసిన పని మాత్రం అదే: తేమ లోపలికి రాకుండా చూడటం.

పటాన్‌చెరులో 1972లో స్థాపించిన ఇక్రిశాట్ సంస్థలో జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ, చిరుధాన్యాల నమూనాలు లక్షా ఇరవై వేలకు పైగా ఉన్నాయి. అక్కడ కూడా ముందు విత్తనాన్ని నెమ్మదిగా ఆరబెడతారు. ఆ తర్వాత చల్లని గదుల్లో, దీర్ఘకాలం దాచేవాటిని సున్నాకు ఇరవై డిగ్రీల దిగువన ఉంచుతారు. యంత్రాలు ఖరీదైనవే గానీ అమ్మమ్మ కుండలోని సూత్రమే అక్కడా పనిచేస్తోంది.

ఇజ్రాయెల్‌లో మృత సముద్రం పక్కన మసాదా అనే పాత కోట తవ్వకాల్లో ఖర్జూరపు గింజలు దొరికాయి. అవి దాదాపు రెండు వేల ఏళ్ల నాటివి. 2005లో వాటిలో ఒకదాన్ని నాటితే మొలిచి చెట్టయింది. అక్కడి విపరీతమైన పొడి వాతావరణమే ఆ గింజను కాపాడింది.

నడిమి తడి

ఇక్కడొక ప్రశ్న వస్తుంది. ఎండితేనే బతికేట్టయితే, ప్రతి వానాకాలం తడిసే పొలం మట్టిలో విత్తనాలు ఏళ్లకేళ్లు ఎలా బతుకుతున్నాయి?

దీనికి జవాబు కొంచెం ఆశ్చర్యంగా ఉంటుంది. విత్తనానికి ఎండిన స్థితి మంచిది. బాగా తడిసి, మొలవకుండా నిద్రలో ఉండే స్థితి కూడా మంచిదే. చెరుపు చేసేది ఈ రెండింటికీ మధ్యనున్న తడి. పదిహేను, ఇరవై శాతం తేమ ఉన్న విత్తనంలో బూజు పెరుగుతుంది, వేడి పుడుతుంది, లోపలి సద్ది ఖర్చవుతుంది. విత్తనం లోపల జరిగే నష్టాన్ని బాగుచేసుకోవడానికి మాత్రం ఆ నీరు చాలదు. పూర్తిగా నానిన విత్తనంలో అయితే కణాలు మేలుకుంటాయి. చెడిపోయిన భాగాలను, డి.ఎన్.ఏ.ను కూడా బాగుచేసుకుంటాయి. 1974లో విలియర్స్ అనే శాస్త్రజ్ఞుడు లెట్యూస్ విత్తనాలను తడిలో ఉంచి, మొలవకుండా ఆపి చూశాడు. అవి మామూలు తేమతో నిల్వ చేసిన వాటికన్నా మేలుగా బతికాయి.

దీనికి అన్నింటికన్నా పెద్ద సాక్ష్యం అమెరికాలోని మిషిగన్‌లో ఉంది. 1879లో విలియం జేమ్స్ బీల్ అనే వృక్షశాస్త్ర ఆచార్యుడు ఇరవై సీసాలు తీసుకున్నాడు. ఒక్కో సీసాలో 21 రకాల మొక్కల విత్తనాలు, రకానికి యాభై చొప్పున, తడి ఇసుకలో కలిపి నింపాడు. మూతి తెరిచే ఉంచి, నీళ్లు నిలవకుండా తలకిందులుగా నేలలో పాతిపెట్టాడు. కొన్నేళ్లకొకసారి ఒక్కో సీసా తీసి మొలకెత్తించి చూడాలన్నది ఆయన ఆలోచన. ఆయన తర్వాత వచ్చిన శాస్త్రజ్ఞులు ఒకరి తర్వాత ఒకరు ఆ పని కొనసాగించారు. 2021లో, అంటే 142 ఏళ్ల తర్వాత, ఇంకో సీసా తీశారు. అందులో ఒక కలుపు మొక్క విత్తనాలు ఇంకా మొలిచాయి! తర్వాతి సీసా తీయాల్సింది 2040లో. ఇంకో సంగతి గమనించండి. ఆ సీసాను పట్టపగలు తవ్వలేదు. తెల్లవారకముందే, చీకట్లో తవ్వారు. ఎందుకంటే ఒక్క క్షణం ఎండ తగిలినా ఆ విత్తనాల నిద్ర చెదిరే అవకాశం ఉంది. ఇక్కడి నుంచి వెలుతురు కథ మొదలవుతుంది.

విత్తనానికి చూపు ఉందా?

కళ్లు లేవు గానీ వెలుతురును గుర్తించే పదార్థం ఉంది. దాని పేరు ఫైటోక్రోమ్. 1952లో అమెరికాలోని బెల్ట్స్‌విల్ పరిశోధన కేంద్రంలో బోర్త్‌విక్, హెండ్రిక్స్, వారి సహచరులు లెట్యూస్ విత్తనాల మీద ఒక ప్రయోగం చేశారు. నానిన విత్తనాల మీద ఎరుపు కాంతి వేస్తే అవి మొలిచాయి. ఆ వెంటనే మన కంటికి సరిగా ఆనని దూరపు ఎరుపు కాంతి వేస్తే మొలవడం ఆగిపోయింది. మళ్లీ ఎరుపు వేస్తే మళ్లీ మొలిచాయి. ఎన్నిసార్లు మార్చి వేసినా చివరిసారి ఏ కాంతి పడిందో దాని మాటే చెల్లింది. ఇంట్లో కరెంటు స్విచ్ ఎలాగో ఇదీ అలాగే. ఆ స్విచ్ లాంటి పదార్థాన్ని 1959లో పరికరాలతో గుర్తించారు.

ఈ స్విచ్ వల్ల విత్తనానికి లాభం ఏమిటి? రెండు ముఖ్యమైన సంగతులు తెలుస్తాయి.

మొదటిది, తాను ఎంత లోతులో ఉన్నదీ. విత్తనానికి అక్కరకొచ్చేంత వెలుతురు మట్టిలో నాలుగైదు మిల్లీమీటర్లకు మించి దిగదు. అంటే మన చిటికెన వేలి గోరు వెడల్పు కన్నా లోతు ఉండదు. ఆవగింజ కన్నా చిన్న విత్తనంలో ఉండే సద్ది ఎంత? ఐదారు సెంటీమీటర్ల లోతు నుంచి మొలిస్తే మధ్య దారిలోనే సద్ది అయిపోయి, నేల పైకి రాకముందే చచ్చిపోతుంది. అందుకే చాలా చిన్న విత్తనాలు వెలుతురు పడితే గాని మొలవవు. పొగాకు నారుమడిలో విత్తనాన్ని పైపైనే చల్లుతారు, లోతుగా పూడ్చరు. తడి గట్ల మీద పెరిగే గుంటగలగర విత్తనాలను చీకట్లో పెట్టి చూస్తే మొలవవు. శనగ, కంది, జొన్న లాంటి పెద్ద విత్తనాలకు సద్ది బాగా ఉంటుంది కాబట్టి వాటికి వెలుతురుతో పని లేదు. చీకట్లోనే మొలిచి పైకి వస్తాయి.

రెండవది, తన మీద ఇంకో మొక్క నీడ ఉందో లేదో. పచ్చని ఆకులు ఎండలోని ఎరుపు కాంతిని తాగేస్తాయి, దూరపు ఎరుపును మాత్రం వదిలేస్తాయి. ఆకుల కింద ఉన్న విత్తనానికి అందేది ఎక్కువగా ఆ రెండవ కాంతే. అంటే ‘పైన ఎవరో ఉన్నారు, ఇప్పుడు లేస్తే నీకు ఎండ దొరకదు’ అన్న కబురు అందినట్టే. ఆ విత్తనం ఆగుతుంది. పైన ఉన్న మొక్కను కోసేశాక, దున్నాక లేస్తుంది.

ఇందులో మెలిక ఒకటుంది. బాగా ఎండిన విత్తనంలో ఈ స్విచ్ దాదాపు పనిచేయదు. తడి తగిలాకే అది పనిలోకి వస్తుంది. కాబట్టి వేసవి దుక్కిలో ఎండిన మట్టిలోని విత్తనాల మీద ఎంత ఎండ కాసినా అవి తొందరపడవు. తడి, వెలుతురు రెండూ కలిసినప్పుడే కదులుతాయి. తేమ తలుపు తీస్తే వెలుతురు లోపలికి వస్తుందన్నమాట.

మరి మట్టిలో పూడి, తడిసి, నెలల తరబడి చీకట్లో ఉన్న విత్తనాలకు వెలుతురు మీద ఆకలి ఇంకా పెరుగుతుంది. అర్జెంటీనా శాస్త్రజ్ఞులు 1991లో ఉమ్మెత్త జాతి కలుపు విత్తనాల మీద దీన్ని చూపించారు. సెకనులో వందో వంతు కన్నా తక్కువసేపు ఎండ తగిలినా అలాంటి విత్తనాలు మేలుకుంటాయి. నాగలి మట్టిని తిరగేసేటప్పుడు విత్తనం ఒకసారి పైకి లేచి మళ్లీ కిందికి పోతుంది కదా, ఆ రెప్పపాటు చాలు. జర్మనీలో 1990 ప్రాంతంలో ఒకే పొలాన్ని కొంత పగలు, కొంత రాత్రి దున్ని చూశారు. పగలు దున్నిన చోట నేలలో ఎనభై శాతం మేర కలుపు కప్పేస్తే, రాత్రి దున్నిన చోట రెండు శాతమే కనిపించింది. తర్వాత వేరే చోట్ల చేసినవాళ్లకు ఇంత తేడా రాలేదు. కాబట్టి రాత్రి దున్నితే కలుపు రాదని ఎవరూ నమ్మకంగా చెప్పలేరు. కానీ దున్నినప్పుడల్లా కొత్త కలుపు ఎందుకు లేస్తుందో దీనివల్ల అర్థమవుతుంది.

చెలక, రేగడి, ఒండ్రు

మన దగ్గర ప్రధానంగా రెండు నేలలు. ఎర్ర చెలక ఒకటి, నల్ల రేగడి రెండవది. చెలక త్వరగా తడుస్తుంది, అంతే త్వరగా ఆరుతుంది. పైపొరలోని విత్తనం ఒక్క వానాకాలంలోనే పలుమార్లు తడిసి ఆరుతుంది. గట్టి వాన తర్వాత ఎండ కాస్తే పైన పెంకులా గట్టిపడి లేత మొలకను లేవనివ్వదు. వేసవిలో బోడి నేల పైపొర వేడి యాభై డిగ్రీలు దాటుతుంది. ఎండిన విత్తనం ఆ వేడిని ఓర్చుకుంటుంది, తడిసిన విత్తనం ఓర్చుకోలేదు.

రేగడిది వేరే తీరు. ఎండాకాలం చేతులు దూరేంత బీటలు వారుతుంది. పైన రాలిన విత్తనాలు ఆ బీటల్లోంచి లోతుకు జారిపోతాయి. వాన పడగానే నేల ఉబ్బి బీటలు మూసుకుంటాయి. ఇక వాటికి చీకటి, తడి, నిద్ర. మళ్లీ ఎప్పుడో దుక్కిలో పైకి వచ్చేదాకా అంతే.

వయ్యారిభామ సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. మన హాస్టల్ ఆవరణలో, రోడ్ల పక్కన తెల్ల పూలతో పెరిగే కలుపు ఇది. ఆస్ట్రేలియాలో చేసిన పరిశోధనలో దీని విత్తనాలు నేల పైన ఉంటే ఆరు నెలలకు మించి బతకలేదు. ఐదు సెంటీమీటర్ల లోతున పూడ్చినవి రెండేళ్ల తర్వాత కూడా నూటికి డెబ్బైకి పైగా బతికే ఉన్నాయి. అంటే విత్తనం పట్టిన వయ్యారిభామను దున్ని మట్టిలో కలిపితే పీడ పోయిందనుకోవద్దు, దాన్ని గాదెలో దాచినట్టే. పూత రాకముందే పీకేయాలి. అది కూడా చేతులకు తొడుగు వేసుకుని, ఎందుకంటే కొందరికి దానివల్ల దద్దుర్లు, ఆయాసం వస్తాయి.

సోమశిల దగ్గర మూడో నేల కూడా ఉంది. శ్రీశైలం జలాశయం నిండు మట్టం 885 అడుగులు. నీళ్లు నిండినప్పుడు ఒడ్డు నేలలు మునుగుతాయి. వేసవికి నీరు తగ్గుతున్న కొద్దీ ఒండ్రు నేల బయటపడుతుంది. అవతలి ఒడ్డున ఉన్న సంగమేశ్వరం గుడి నెలల తరబడి నీళ్లలో ఉండి వేసవిలో తేలడం మీరు పేపర్లలో చూసే ఉంటారు. గుడి తేలినట్టే ఒడ్డు బురదలోని విత్తనాలూ ఎండకు తేలుతాయి. నీళ్ల కింద ఉన్నప్పుడు వాటికి గాలి అందదు, వెలుతురు అందదు. కాబట్టి నిద్రపోతాయి. నీరు తీసిన నేలకు తడి ఉంటుంది, ఎండ తగులుతుంది, గాలి ఆడుతుంది. అందుకే వాన చుక్క పడకపోయినా, నీరు వెనక్కు పోయిన వెంబడే ఆ ఒడ్డు పచ్చబడుతుంది. ఒకే ఊళ్లో, ఒకే వేసవిలో, చెలక ఎర్రగా ఉండి ఒడ్డు పచ్చగా ఉండటానికి కారణం ఇది.

వానను కొలిచే విత్తనాలు

ఎడారి మొక్కల విత్తనాలు ఇంకో అడుగు ముందుకు వేశాయి. అమెరికాలోని కాలిఫోర్నియా ఎడారుల్లో ఫ్రిట్స్ వెంట్ అనే శాస్త్రజ్ఞుడు గమనించిన సంగతి ఇది. అరంగుళం కన్నా తక్కువ వాన పడితే అక్కడి చాలా విత్తనాలు కదలవు. నేల తడిసింది కదా అంటే తడిసింది. కానీ వాటి పొరలో మొలకను ఆపే పదార్థాలు ఉంటాయి. పైనుంచి పడిన వాన వాటిని కడిగేస్తేనే మొలక లేస్తుంది. అడుగు నుంచి తడి ఎక్కించినా లాభం లేదు. ఆ విత్తనం తన ఒంటి మీదే వానను కొలిచే పరికరం పెట్టుకుందన్నమాట.

మన తంగేడు, రేల, తుమ్మ విత్తనాలది ఇంకో దారి. వాటి పొర నీటిని లోపలికి రానివ్వదు. ఎండకు వానకు ఏళ్లు గడిచి పొర అరగాలి, లేదా మేక కడుపులోంచి ప్రయాణం చేసి రావాలి. ఒకే చెట్టు గింజలు కూడా అన్నీ ఒకే ఏడాది మొలవవు. కొన్ని ఈ ఏడాది, కొన్ని వచ్చే ఏడాది, కొన్ని ఆ పైన. ఈ ఏడాది కరువొచ్చి మొలిచినవన్నీ మాడిపోయినా, వంశం నిలబడుతుంది. దీనిని డాన్ కోహెన్ అనే శాస్త్రజ్ఞుడు 1966లో గణితంతో నిరూపించాడు. వాన నమ్మకం లేని చోట అన్ని విత్తనాలూ ఒకేసారి మొలిచే మొక్క ఏదో ఒక ఏడాది అంతరించిపోతుంది.

అన్ని అడవి విత్తనాలూ ఇలా ఆగలేవు. వేప గింజకు మొలిచే శక్తి కొన్ని వారాల్లోనే తగ్గిపోతుంది. నల్లమల ఇప్ప గింజ, మన కొల్లాపూర్ మామిడి టెంక కూడా ఆరబెడితే చచ్చిపోతాయి. కానీ అవి ఎప్పుడు రాలుతాయో చూడండి. వానలు రాబోయే ముందో, వచ్చీరాగానేనో. ఆగలేనివి రాలే కాలాన్నే చూసుకుని రాలుతున్నాయి.

ఆగడం మరిచిన విత్తనం

ఇప్పుడు మన పంట విత్తనాల దగ్గరకు వద్దాం. వేల ఏళ్ల నుంచి మనిషి ఏం చేశాడు? విత్తిన వెంటనే, అన్నీ ఒకేసారి మొలిచేవాటినే ఎంచుకుని మళ్లీ మళ్లీ విత్తాడు. ఆగే విత్తనం అతనికి పనికిరాలేదు. అలా పంట విత్తనాల్లో చాలావరకు నిద్ర పోయింది. మన జిల్లాల్లో యాసంగిలో ఎక్కువగా వేసే గుత్తి రకం వేరుశనగే ఇందుకు ఉదాహరణ. పీకే సమయంలో వాన పడితే కాయల్లోనే మొలకలొస్తాయి. ఆగాలన్న తెలివి దానికి లేదు.

అడవి విత్తనం ఒక్క చిరుజల్లును నమ్మదు. మన జొన్న, ఆముదం, పత్తి నమ్ముతాయి. మొక్కజొన్న గింజ తన బరువులో మూడో వంతు నీరు తాగితే చాలు, మొలవడం మొదలుపెడుతుంది. సోయా అయితే సగం. మొదట నీరు తాగుతుంది, తర్వాత కొంతసేపు లోపల పనులు చక్కబెట్టుకుంటుంది, ఆ తర్వాత వేరు బయటికి వస్తుంది. వేరు బయటికి రాకముందు ఎండితే పెద్దగా నష్టం లేదు, తడి దొరికితే మళ్లీ మొదలుపెడుతుంది. వేరు బయటపడ్డాక ఎండితే మాత్రం ఇక వెనక్కు వెళ్లే దారి లేదు. ఎండి బతికే శక్తి అక్కడితో పోతుంది. విత్తనమంతా ఖర్చయినట్టే.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. మా నాన్నకు రెండెకరాల చెలక ఉంది, మిగతా రోజులు కూలి పని. నేను ఎం.ఎస్సీ.లో చేరిన దగ్గర నుంచి ప్రతి మృగశిర కార్తెకు ఆయన అడిగేది ఒకటే ప్రశ్న: “గింత సదివినవ్ గదా, ఈ వానకు ఇత్తనం ఏద్దామా, ఆగుదామా?” పక్క చేను వాళ్లు వేస్తుంటే చేతులు కట్టుకుని కూర్చోవడం కష్టం. అదును దాటిపోతుందేమోనన్న భయం ఒకవైపు. ఒక్క వానకే వేసి పదిహేను రోజులు చినుకు లేకపోతే విత్తనం, గొర్రు కిరాయి, కూలి అన్నీ మట్టిపాలు. మళ్లీ విత్తాలంటే మళ్లీ అప్పు. మన తరగతి పుస్తకంలో అంకురోత్పత్తి అని ఒక్క మాటలో ఉన్న పాఠం మన ఇళ్లలో అప్పు పత్రం దాకా పోతుంది. కాబట్టి ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలగాలి.

జవాబు ఇది. విత్తనం ఆగలేదు కాబట్టి దాని బదులు మనం ఆగాలి. దానికి తడిని కొలవడం రాదు కాబట్టి మనం కొలవాలి.

వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెప్పే లెక్క ప్రకారం రెండు మూడు వానల్లో కలిపి 60 నుంచి 75 మిల్లీమీటర్ల వర్షం పడి, నేల జానెడు లోతు తడిశాకే వర్షాధార పంటలు విత్తాలి. వాన కొలిచే సాధనం ఇంట్లో లేకపోయినా పలుగుతో తవ్వి చూడవచ్చు. జానెడు లోతు మట్టిని పిడికిట పట్టి నొక్కితే ముద్ద కట్టాలి. పైన తడి, కింద పొడి ఉంటే ఆగాలి. అలా ఉన్నప్పుడే మొలక మోసపోతుంది. సందేహం ఉంటే నాగర్‌కర్నూల్ జిల్లాలోని పాలెం వ్యవసాయ పరిశోధన స్థానం వాళ్లను, ఊళ్లోని వ్యవసాయ విస్తరణ అధికారిని అడగవచ్చు.

ఇంకొన్ని పనులు కూడా ఈ చదువు వల్ల తేలికగా అర్థమవుతాయి. మొదటి వానకు లేచిన కలుపును లేవనిచ్చి, గుంటుక పైపైన తోలి, ఆ తర్వాత విత్తితే గాదెలోని కలుపు కొంత ఖాళీ అవుతుంది. లోతుగా తిరగేస్తే కింది విత్తనాలకు ఎండ చూపించినట్టవుతుంది. సాళ్ల మధ్య చొప్ప, ఆకు పరిస్తే తడి నిలుస్తుంది, వెలుతురు అందక కలుపు తగ్గుతుంది. గింజ ఎంత చిన్నదైతే అంత పైన విత్తాలి. ఉన్న విత్తనమంతా ఒకే వానకు పోయకుండా కొంత ఇంట్లో ఉంచుకోవాలి. జొన్నలో కంది, ఆముదంలో పెసర కలిపి వేసుకున్న పెద్దలు కోహెన్ లెక్కనే చేనులో వేశారు.

జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు ఈ పనే చేసి చూపారు. వాళ్లలో ఎక్కువమంది దళిత మహిళలు, చదువు లేనివారు. ఒకే చేనులో పది, పదిహేను రకాల పంటలు వేసి, విత్తనాన్ని బూడిదలో, వేపాకులో దాచి, ఊరి వాళ్లకు అప్పుగా ఇచ్చి, పంట వచ్చాక తిరిగి తీసుకుంటారు. 2019లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి వారికి వచ్చింది. ఇంట్లో విత్తనం ఉన్నవాళ్లకు ఆగే ధైర్యం ఉంటుంది. ఒకసారి మోసపోయినా రెండోసారి విత్తడానికి దుకాణం ముందు నిలబడాల్సిన పని ఉండదు.

హాస్టల్లోనే చేసి చూడండి

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! చదివి వదిలేయకుండా ఈ చిన్న ప్రయోగం చేయండి. దీనికి పైసా ఖర్చు లేదు. మెస్‌లో పారేసే పాత పళ్లాలు మూడు తీసుకోండి. ఏదైనా చెలకలో పైపైన, రెండు వేళ్ల లోతు వరకు మట్టి తీసి, బాగా కలిపి మూడింటిలోనూ పలుచగా పరచండి. మొదటి పళ్లెం తడపకుండా ఎండలో పెట్టండి. రెండవది రోజూ నీళ్లు చిలకరిస్తూ వెలుతురులో పెట్టండి. మూడవదాన్ని మాత్రం చీకటి పడ్డాక, లైటు ఆర్పి, బాగా తడిపి, నల్లటి కవరులో మూసి కట్టండి. మధ్యలో విప్పి చూడొద్దు. చూస్తే ఆ రెప్పపాటు వెలుతురే ప్రయోగాన్ని చెడగొడుతుంది. పది పన్నెండు రోజుల తర్వాత మూడింటిలో మొలకలు లెక్కపెట్టి నోటుబుక్కులో రాసుకోండి. ఆ తర్వాత మూడవ పళ్లెం కూడా వెలుతురులో పెట్టి, తడుపుతూ ఇంకో పది రోజులు చూడండి. అప్పుడు కొత్తగా ఏవి లేచాయో అవే వెలుతురు కోసం ఆగి ఉన్నవి.

సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఆ లెక్క మీ అమ్మానాన్నలకు చూపించండి. మృగశిరకు ఒక జల్లు పడిన రోజు, విత్తనం సంచి విప్పకముందు, పలుగు తీసుకుని వాళ్లతో పాటు చేనులోకి వెళ్లండి. జానెడు తవ్వి తడి చూడండి. వేయాలో, ఆగాలో అప్పుడు ఇంటిల్లిపాదీ కలిసి నిర్ణయించుకోవచ్చు.